పాత ఎలక్షన్ బ్యాడ్జీలు కలెక్ట్ చేసేవాళ్ళు ఉన్నారా? అసలుదీ డూప్లికేటూ ఎలా పట్టుకోవాలి?

మలక్‌పేట_నాణేలోడు:

అందరికీ నమస్తే. నేను మామూలుగా పాత నాణేలు, నిజాం కాలం స్టాంపులు దాస్తుంటా, బ్యాడ్జీల గురించి నాకు ఓనమాలు కూడా తెలీవు. ఈ మధ్య జుమ్మెరాత్ బజార్‌లో పాత తాళాలు, గడియారాలు అమ్మే ఒక పెద్దాయన దగ్గర బిస్కెట్ డబ్బా నిండా ఎలక్షన్ బ్యాడ్జీలు కనపడ్డాయి, నాలుగు ఏరుకుందాం అనుకుని మొత్తం డబ్బానే తెచ్చేసుకున్నా. కాంగ్రెస్ జోడెద్దులు రెండు ఉన్నాయి రంగు లేచిపోయి, ఆవు దూడ ఒకటి, హస్తం బోలెడు, చక్రంలో నాగలి పట్టుకున్న రైతు ఒకటి, సైకిల్‌తో ఎన్టీఆర్ ఖాకీ చొక్కా బొమ్మవి ఏడెనిమిది, ప్రజారాజ్యం రైలింజన్, టీఆర్ఎస్ కారు, ఇంకా ఉర్దూలో రాసినవి కొన్ని (నాకు చదవడం రాదు).

ఇది విని న్యూజెర్సీలో ఉండే మా బావ అక్కడ పాత సామాన్ల సంతలో కొన్న అమెరికా బటన్లు కొన్ని పంపించాడు. మెకిన్లీ, బ్రయాన్, ఐ లైక్ ఐక్, కెన్నెడీ, ఇంకోటి మెక్‌గవర్న్ - ఈగిల్టన్ అని ఇద్దరి ఫొటోలు. మెకిన్లీది 1896ది, చాలా రేర్ అని అమ్మినవాడు చెప్పాడంట.

నా డౌట్లు ఏంటంటే, వీటిలో నిజంగా రేర్ ఏది, మన బ్యాడ్జీల మీద సంవత్సరం ఉండదు కదా ఏ ఎలక్షన్‌దో ఎలా చెప్తారు, తుప్పు పట్టినవి క్లీన్ చెయ్యొచ్చా, రేటు ఎంత ఉంటుంది. అమ్మే ఉద్దేశం అయితే ప్రస్తుతానికి లేదు.

పాత_పిన్నీసు:

తమ్మీ మంచి సామాన్ దొరికింది నీకు. డబ్బా మొత్తం తీస్కున్నవ్ సూడు అదే మంచి పని, ఏరుకుంట కూసుంటే మళ్ళ వారం పోయేసరికి రేటు డబుల్ జెప్తరు ఆడ.

మన బ్యాడ్జీలకు గుర్తును బట్టే కాలం జెప్పాలె. కాంగ్రెస్‌కు 1952 మొదటి ఎలక్షన్ల కెల్లి 1969ల పార్టీ చీలేదాంక కాడి కట్టిన జోడెద్దులు. చీలినంక ఇందిరాగాంధీ పక్షానికి ఆవు దూడ వచ్చింది, 1971 పార్లమెంట్, 1972 అసెంబ్లీ, 1977 పార్లమెంట్ దాంతోనే కొట్లాడిన్రు. 1978ల మళ్ళ చీలినంక హస్తం. అంటే ఆవు దూడ బతికింది మస్తు తక్కువ కాలం, జోడెద్దులు దొరికినన్ని అవి దొరకయ్. నీ దగ్గర ఒకటే ఉంది అంటున్నవ్, దాన్ని అన్నిట్ల కలపకుండ పక్కకు తీసి పెట్టు.

చక్రంల రైతు జనతా పార్టీది. దాని మీద అక్షరాలు తెలుగుల ఉన్నయా హిందీలనా అది జెప్పలే నువ్వు. 1977ల దేశమంత జనతా గాలి ఉంటే మన ఆంధ్రప్రదేశ్‌ల 42 సీట్లకు 41 కాంగ్రెస్ గెల్చింది, జనతాకు దక్కింది నంద్యాల ఒక్కటే, నీలం సంజీవరెడ్డి, ఆయన గూడ అదే ఏడు రాష్ట్రపతి అయిండు. ఓడిపోయినోళ్ళ బ్యాడ్జీ ఎవడు దాస్తడు, తెల్లారి తీసి పారేస్తడు. అందుకే తెలుగు అక్షరాల జనతా బ్యాడ్జీ అంటే నాకు ఆశ. కాకపోతే 1978 అసెంబ్లీకి గూడ అదే గుర్తు కాబట్టి 1977దే అని గ్యారంటీ ఇయ్యలేం.

ఇగ ఎన్టీఆర్‌వి. పార్టీ పెట్టింది 1982 మార్చి 29, ఎలక్షన్లు 1983 జనవరి మొదట్ల, జనవరి 9న ఎల్బీ స్టేడియంల ప్రమాణం గూడ అయిపాయె. దొరికిన ప్రతీ సైకిల్ బ్యాడ్జీని 1983ది అని అమ్ముతరు మనోళ్ళు, 1985కు చేసిన్రు, 1989కి చేసిన్రు, 1994కి చేసిన్రు, అయన్నీ ఏడ వాయె మరి? అక్షరాలు సూడు తమ్మీ. ఆ కాలంల పెయింటర్ చేత్తో రాసిన అక్షరమన్న ఉంటది, లేకపోతే సీసం అచ్చు అన్న ఉంటది. కంప్యూటర్ల కొట్టిన డీటీపీ ఫాంట్ ఉంటే, పెండ్లి పత్రికల మీద కనపడే ఆ గుండ్రటి అక్షరాలు, అది 1983ది అని దేవుడు దిగొచ్చి జెప్పినా నమ్మకు. భూతద్దం పెట్టి సూస్తే ఇంకా మంచిది, ఇప్పటి ఇంక్‌జెట్ చుక్కలు చల్లినట్టు గజిబిజిగ ఉంటయ్, పాత ఆఫ్‌సెట్ చుక్కలు వరుసల ఉంటయ్.

అసలు 1983లది కావాలంటే నేనైతే ఎన్టీఆర్‌ది కాదు, సంజయ్ విచార్ మంచ్‌ది ఎతుకుత. మేనకా గాంధీ పార్టీ, ఆ ఎలక్షన్లల్ల తెలుగుదేశంతో పొత్తు పెట్టుకుంది, ఐదారేండ్లల్ల ఆ పార్టీ ఊసే లేదు. నాకు ఇప్పటిదాంక దొరకలే. ఎవరి దగ్గరన్న ఉంటే మెసేజ్ పెట్టున్రి, పది సైకిల్ బ్యాడ్జీలు ఇస్త దానికి.

బిర్యానీ_ఫస్ట్:

మా తాత ఇంట్లో ఇట్లాంటివి ఓ బస్తాడు ఉండేవి, ఇత్తడి అనుకొని పాత సామాన్లోడికి వేస్తే కిలోకి ఉల్లిగడ్డలు కూడా రాలేదు. వీటికి కూడా గిరాకీ ఉందా నాయనా.

పాత_పిన్నీసు:

@బిర్యానీ_ఫస్ట్ ఆ పాత సామాన్లోడి అడ్రస్ జెప్పు భాయ్, మిగతాది నేను సూస్కుంట.

ఎడిసన్_టు_ఎల్బీనగర్:

అమెరికా బటన్ల సంగతి నేను చెప్తానండీ, అక్కడ ఉన్నన్నాళ్ళు ఇదే పిచ్చి నాకు, వీకెండ్ వస్తే మా ఆవిడ మాల్‌కి, నేను పాత సామాన్ల సంతకి.

ముందు మీ మెకిన్లీ బటన్ తీసి అంచు చూడండి, అంటే ముందు భాగం వంగి వెనక్కి తిరిగే చోట. అక్కడ కంటికి ఆనీ ఆననంత చిన్న అక్షరాల్లో ఏఓ, 1972 అని ఉందా? ఉంటే అది అమెరికన్ ఆయిల్ కంపెనీ వాళ్ళు 1972 ఎలక్షన్ల టైంలో పంచిన కాపీ సెట్‌లోది. 1896 నుంచి వచ్చిన పాత బటన్లలో కొన్ని ఏరి మళ్ళీ అచ్చేశారు వాళ్ళు. అంతకు ముందు 1968లో క్లీనెక్స్ వాళ్ళు కూడా ఇలాంటి సెట్ ఒకటి వదిలారు, దాని అంచు మీద క్లీనెక్స్ పేరే ఉంటుంది. వీటిని మోసం చెయ్యడానికి చెయ్యలేదు పాపం, సరదాకి చేసిన ప్రచారం అది, కానీ యాభై ఏళ్ళు గడిచేసరికి ఆ కాపీలకే పాతదనం వచ్చేసింది, తుప్పు కూడా పట్టింది, కొత్తగా కొనేవాళ్ళు చాలామంది అక్కడే బోల్తా పడతారు.

అక్షరాలు గీకేసి అమ్మేవాళ్ళూ ఉంటారు కాబట్టి తయారీ కూడా చూడాలి. 1896లో నెవార్క్‌లోని వైట్‌హెడ్ అండ్ హోగ్ కంపెనీ పేటెంట్ ఉన్న పద్ధతి ఏంటంటే బొమ్మ కాగితం మీద అచ్చేసి, పైన పల్చటి సెల్యులాయిడ్ పొర కప్పి, రెండూ కలిపి రేకు బిళ్ళ మీద బిగించి వెనక రింగు వేసి నొక్కేస్తారు. ఆ ఏడే ప్రెసిడెంట్ పదవికి మెకిన్లీకీ బ్రయాన్‌కీ పోటీ, సెల్యులాయిడ్ బటన్ల హడావిడి అంతా ఆ ఎలక్షన్‌తోనే మొదలు. రేకు మీద నేరుగా రంగు అచ్చేసే లితో బటన్లు ప్రచారంలోకి వచ్చింది 1916, 1920 ఆ టైంలో. మెకిన్లీ పోటీ చేసింది 1896, 1900లో, 1901లో ఆయన్ని కాల్చేశారు కూడా. కాబట్టి మెకిన్లీ బొమ్మ నేరుగా రేకు మీదే అచ్చయి ఉంటే ఇంక వాదన అక్కర్లేదు, కాపీయే. గోరుతో తట్టండి, గీత పడిన చోట చూడండి, పొర ఉందా రేకు మెరుస్తోందా తెలిసిపోతుంది. వెనక కంపెనీ పేరున్న కాగితం ఉంది కదా అని మాత్రం మురిసిపోకండి, ఆ కాగితం పాడైన బటన్ నుంచి తీసి ఇంకోదానికి అతికించొచ్చు.

1973లో హాబీ ప్రొటెక్షన్ యాక్ట్ అని ఒక చట్టం వచ్చింది అక్కడ, ఆ తర్వాత చేసే రాజకీయ వస్తువుల నకళ్ళ మీద తయారైన సంవత్సరం చెరిగిపోకుండా వెయ్యాలి. అంతకు ముందువాటికి అది వర్తించదు, అందుకే అరవైల్లో చేసిన నకళ్ళతోనే ఎక్కువ తలనొప్పి.

ఐ లైక్ ఐక్ అసలుదే అయినా పెద్ద రేటు రాదండి, ఐసన్‌హోవర్‌వి లెక్కలేనన్ని కొట్టారు. మెక్‌గవర్న్ - ఈగిల్టన్ మాత్రం కథ ఉన్న బటన్. 1972లో ఈగిల్టన్ ఉపాధ్యక్ష అభ్యర్థిగా ఉన్నది 18 రోజులే, గతంలో డిప్రెషన్‌కి కరెంట్ షాక్ ట్రీట్‌మెంట్ తీసుకున్నాడని బయటికి వచ్చి తప్పుకోవాల్సి వచ్చింది, ఆయన ప్లేస్‌లో శ్రైవర్ వచ్చాడు. 18 రోజులే కాబట్టి చాలా రేర్ అని అందరూ అనుకుంటారు. కానీ రేర్ అవుతుందని అప్పుడే అందరికీ తెలుసు కదా, జనం ఎగబడి దాచుకున్నారు, అందుకే ఈరోజుకీ తక్కువలో దొరుకుతుంది.

నిజంగా రేర్ అంటే 1920 కాక్స్ - రూజ్‌వెల్ట్ బటన్, ఇద్దరి ఫొటోలూ పక్కపక్కన ఉండేది. ఒహైయో గవర్నర్ కాక్స్ అధ్యక్షుడికి, ఆయన కింద ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఉపాధ్యక్షుడికి. ప్రచారానికి డబ్బుల్లేవు, హార్డింగ్ చేతిలో చిత్తుగా ఓడిపోయారు, ఆ రూజ్‌వెల్ట్ తర్వాత నాలుగు సార్లు ప్రెసిడెంట్‌గా గెలుస్తాడని ఎవరు కలగన్నారు, ఎవరూ దాచలేదు. ఇప్పుడు వేలంలో లక్ష డాలర్లు దాటి పోయింది ఒకటి. మీ బావగారి సంచీలో అది గానీ ఉంటే నాకు ముందు ఫోన్ చెయ్యండి.

మలక్‌పేట_నాణేలోడు:

అయ్యో మెకిన్లీ, బ్రయాన్ రెండిటి అంచు మీదా 1972 ఉందండీ, సెల్ ఫోన్ కెమెరా జూమ్ చేస్తే గానీ కనపడలేదు. బావకి ఇప్పుడే చెప్పను, పండక్కి వచ్చినప్పుడు చెప్తా.

@పాత_పిన్నీసు అన్నా, రైతు బ్యాడ్జీ మీద తెలుగులోనే ఉంది, "జనతా పార్టీకే మీ ఓటు" అని, చేత్తో రాసినట్టే ఉంది అక్షరం, "కే" మీద ఏత్వం పక్కకి వాలిపోయి ఉంది. సైకిల్ వాటిలో రెండింటి మీద మాత్రం మీరు చెప్పిన పెళ్ళి పత్రిక అక్షరాలే.

క్లీనింగ్ సంగతి ఎవరూ చెప్పలేదు. మా అమ్మ పీతాంబరి డబ్బా పట్టుకుని రెడీగా ఉంది, ఆపలేకపోతున్నా.

ఛత్తాబజార్_ప్రెస్సువాళ్ళబ్బాయి:

ఆపండి ఆపండి అమ్మగారిని!! పీతాంబరి వద్దు, చింతపండు వద్దు, బ్రాసో అస్సలు వద్దు. రంగు మొత్తం లేచొస్తుంది. నీళ్ళు కూడా వద్దు, పైన ప్లాస్టిక్ పొర ఉన్న బ్యాడ్జీ అయితే అంచు సందులోంచి నీళ్ళు లోపలికి దిగి కాగితం మీద గోధుమ రంగు మచ్చ వస్తుంది, ఆ మచ్చ ఇంక పోదు. పొడి మెత్తటి గుడ్డతో దుమ్ము తుడవండి, అంతే. వెనక పిన్ను తుప్పు ఉంటే దాన్నలాగే ఉంచండి, కొత్త పిన్నీసు వేసి అతికిస్తే వస్తువు విలువ పోయినట్టే.

దాచేది కూడా ఆ బిస్కెట్ డబ్బాలో కలగాపులగంగా వద్దు, ఒకదాని పిన్ను ఇంకోదాని మొహం గీకుతుంది. నాణేల వాళ్ళకి తెలిసిందే కదా, మెత్తగా వాసన వచ్చే పీవీసీ కవర్లు కాలం గడిచేకొద్దీ జిడ్డు వదుల్తాయి, అవి మానేసి విడివిడి అరలున్న పెట్టెలో పెట్టండి, వానాకాలం సిలికా జెల్ పొట్లాలు వెయ్యండి. అమెరికావాటిలో అసలు సెల్యులాయిడ్‌వి ఉంటే ఎండకీ, వేడికీ దూరంగా పెట్టండి, అది తేలిగ్గా అంటుకునే సరుకు.

మా నాన్నకి ఛత్తాబజార్‌లో ప్రెస్ ఉండేది కాబట్టి తయారీ చిన్నప్పుడు దగ్గరుండి చూశా. ఎలక్షన్ నోటిఫికేషన్ వచ్చిందంటే పెళ్ళి కార్డులు, షాదీ రుక్కాలు అన్నీ పక్కన పెట్టేసేవాళ్ళు. ఒక పెద్ద కాగితం మీద గుండ్రటి బొమ్మలు వరసగా అచ్చేసి, పంచింగ్ మిషన్‌తో బిళ్ళలు కొట్టి, మేం పిల్లలం ఆ బిళ్ళలు రేకు మూతల మీద పెట్టి పైన ప్లాస్టిక్ ముక్క వేసి ఇస్తే, చేతి ప్రెస్‌తో నొక్కేవాళ్ళు. పాతబస్తీ కోసం అదే సైజు, అదే బొమ్మ, అక్షరాలు మాత్రం ఉర్దూ, అవి కాతిబ్ సాబ్ (ఉర్దూ అక్షరాలు అందంగా చేత్తో రాసే ఆయన) కలంతో రాసినవి ఫిల్మ్ తీసి వేసేవాళ్ళు. మీ డబ్బాలో ఉర్దూవి అందుకే పారెయ్యకండి, ఫొటో పెడితే చదివి చెప్తా. చాలా అందంగా ఉంటాయి ఆ అక్షరాలు, తెలుగు వాటికంటే కూడా (నన్ను తిట్టకండి).

ఇంకో సంగతి, ఆ ఆర్డర్లు ఎక్కువ శాతం అప్పు మీదే. గెలిచినాయన మినిస్టర్ల చుట్టూ తిరుగుతూ దొరకడు, ఓడినాయన ఇంట్లో ఉండి కూడా దొరకడు. ఒకాయన దగ్గర బాకీ కింద రాకుండా పోయిన సరుకు మా అటక మీద చాలా ఏళ్ళు పడి ఉండేది, ఇండిపెండెంట్ అభ్యర్థి, డిపాజిట్ పోయింది. ఇల్లు మారేటప్పుడు ఎటు పోయాయో తెలీదు.

డబ్బాలో కాగితాలు ఏమైనా ఉంటే, కరపత్రాలు అలాంటివి, అవి కూడా దాయండి. బ్యాడ్జీ మీద ప్రెస్ పేరు ఉండదు గానీ కరపత్రం, పోస్టర్ మీద ప్రింటర్ పేరు, అడ్రస్ వెయ్యడం ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ ప్రకారం తప్పనిసరి. అడ్రస్‌లో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాతది, హైదరాబాద్-1 అని ఊరుకుంటే అంతకు ముందుది అయ్యే ఛాన్స్ ఎక్కువ, పాత అలవాటు కొద్దీ తర్వాత కూడా అలా వేసినవాళ్ళు ఉన్నారనుకోండి. ఫోన్ నంబర్ ముందు 2 చేరి ఎనిమిది అంకెలుంటే 2000 దాటాక అచ్చయింది.

ఎడిసన్_టు_ఎల్బీనగర్:

రేటు గురించి అడిగారు కదా, జనతాది, ఆవు దూడది బయట దేశాల వేలం సైట్లలో పెట్టి చూడండి, ఇండియా వస్తువులకి అక్కడ కొనేవాళ్ళు ఉంటారు.

పాత_పిన్నీసు:

@ఎడిసన్_టు_ఎల్బీనగర్ సార్ మీరు పెద్దోళ్ళు గాని గది మాత్రం వద్దు. అమెరికాల 1945 కెల్లి కలెక్టర్ల సంఘం ఉంది, క్యాటలాగులున్నయ్, ఏ బటన్ ఎన్ని రకాలొచ్చిందో పుస్తకాలల్ల రాసి పెట్టుకున్నరు, కాబట్టి రేటుకు ఒక లెక్క ఉంది. మనకు ఏముంది? ఇయ్యాల ఒకడు ఐదు వందలంటడు, రేపు ఇంకొకడు యాభైకి ఇస్తడు. బయటికి పోతే అది "ఇండియన్ పొలిటికల్ పిన్" అయితది, ఏ ఊరిదో ఏ ఎలక్షన్‌దో జెప్పే మనిషి ఆడ ఉండడు. మొదలు ఈడ ఒక లిస్ట్ తయారు గావాలె, ఫొటో, గుర్తు, అక్షరాలు, ఏడ దొరికింది, ఎవరు పెట్టుకున్నరు. అమ్ముడు తర్వాత సంగతి.

తమ్మీ ఆ పెద్దాయన దగ్గరికి మళ్ళ పోయి అడుగు, డబ్బా ఏ ఇంట్ల కెల్లి వచ్చిందని. ఒకే మనిషి జోడెద్దుల కెల్లి టీఆర్ఎస్ కారు దాంక దాసిండంటే ఆయన ఏ పార్టోడు మరి! లేకపోతే కార్యకర్తనే కాకపోవచ్చు, నీలాంటి పిచ్చోడే కావొచ్చు.

ఇంకోటి, కొత్తయ్ గదా అని చిన్న సూపు సూడకు. టీఆర్ఎస్ 2001ల పుట్టి 2022ల బీఆర్ఎస్ అయింది, టీఆర్ఎస్ అని రాసిన గులాబీ బ్యాడ్జీ ఇగ కొత్తది రాదు. ప్రజారాజ్యం 2008ల పెట్టి 2011ల కాంగ్రెస్‌ల కలిపేసిన్రు, రైలింజన్ గుర్తు మీద 2009 ఒక్క జనరల్ ఎలక్షనే కొట్లాడింది. చిరంజీవి బొమ్మ కాబట్టి ఫ్యాన్స్ మస్తుగ దాసుకున్నరు, సార్ జెప్పిన ఈగిల్టన్ లెక్క. అదే 2009ల లోక్‌సత్తా ఈల గుర్తు బ్యాడ్జీ ఎంతమంది దగ్గరుందో జెప్పున్రి సూద్దాం. 1984ల హనుమకొండల పీవీ నరసింహారావును ఓడగొట్టిండు జంగారెడ్డి, బీజేపీకి దేశం మొత్తం మీద వచ్చిన రెండు సీట్లల్ల అదొకటి, ఆ ఎలక్షన్‌ల హనుమకొండల పంచిన కమలం బ్యాడ్జీ నేను కండ్లతో సూడలే ఇంకా. వరంగల్ దిక్కు చుట్టాలున్నోళ్ళు జర అటకలు ఎతుకున్రి.

ఎలక్షన్ కోడ్ ఉన్నప్పుడు మాత్రం డబ్బా కార్ల వేసుకొని తిరగకు. ఫ్లయింగ్ స్క్వాడ్ ఆపితే, సార్ ఇది 1971 ఆవు దూడ అని నువ్వు జెప్పేలోపల వీడియో తీసుడు అయిపోతది.

బర్కత్‌పుర_లలిత:

ఈ చర్చ చదివి బీరువా తీశాను. మా నాన్నగారు స్వతంత్ర పార్టీలో తిరిగారు, రంగా గారు అధ్యక్షుడిగా ఉన్న రోజుల్లో. ఆయన పాత కోటు మీద ఒక బ్యాడ్జీ అలాగే ఉంది, నక్షత్రం గుర్తు, నీలం రంగు, చుట్టూ గుండ్రంగా ఏదో రాసి ఉంది గానీ అరిగిపోయింది. కోటు ఎవరికైనా ఇచ్చేద్దామని తీసి పెట్టాం. బ్యాడ్జీ తీసి విడిగా దాచమంటారా? మా అబ్బాయి దీన్ని ఫ్రేమ్ కట్టిస్తానంటున్నాడు.

పాత_పిన్నీసు:

అక్కా నమస్తే. కోటు ఎవ్వరికీ ఇయ్యకున్రి, బ్యాడ్జీ దాని మీదికెల్లి తియ్యకున్రి. 1959ల పెట్టిన పార్టీ అది, 1962, 1967 ఎలక్షన్లల్ల గట్టిగ కొట్లాడింది, 1974ల వేరే పార్టీల కలిసిపోయింది. ఆ రోజులల్ల పెట్టుకున్న మనిషి కోటు మీదనే ఉన్న బ్యాడ్జీ నాకు ఎరికలోనైతే ఎవ్వరి దగ్గర లేదు. ఫ్రేమ్ కడితే వెనక గమ్ పెడ్తరు, అది వద్దు. మీ నాన్నగారి పేరు, ఏ ఊర్ల ఏ ఎలక్షన్‌కు పని జేసిన్రు, ఒక కాగితం మీద పెన్సిల్‌తో రాసి కోటు జేబుల పెట్టున్రి. వెనక పిన్ను ఉందా, గుడ్డకు కుట్టేటట్టు రంధ్రాలున్నయా? వీలైతే వెనక దిక్కు గూడ ఒక ఫొటో పెట్టున్రి అక్కా, కాలం కొంచెం దగ్గరగ జెప్పొచ్చు.